డబ్బా బేరం

లక్షా అరవై వేల కిలోమీటర్లు దాటాక
ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడల్లా
నా కారు ఒక మాట మింగడం మొదలుపెట్టింది.
పియానోలు శ్రుతి చేసి బతికేవాణ్ణి, చెవి ఊరుకోదు.
నాలుగు సిలిండర్లలో ఒకటి
సగమే నొక్కిన మెట్టులా పలుకుతోంది.

సస్కటూన్, జనవరి, మైనస్ ముప్పై ఒకటి.
ఒరీసియా షెడ్డులో హీటరు మనిషిని ఒకవైపే కాలుస్తుంది.
సన్న కెమెరా ఇంజను గొంతులోకి దించి
"చూడు" అంది, తెర నావైపు తిప్పి.

వాల్వు కాడ చుట్టూ
అడుగంటిన గిన్నెలో గోకినా రాని పెచ్చు.

పాత ఇంజన్లలో పెట్రోలు వాల్వుల మీదుగా వచ్చేదట,
వస్తూ వస్తూ వాటిని కడిగేదట.
ఇప్పుడు సూటిగా సిలిండర్లోకే చిమ్ముతారు.
పొదుపే. బలమే.
గడప కడిగేవాళ్లే లేరు.
కింద పుట్టిన నూనె ఆవిరి
గొట్టం పట్టుకుని పైకొచ్చి
ఆ గడప మీదే కూర్చుంటుంది, మాడుతుంది, పేరుకుంటుంది.
తాను వదిలిన ఊపిరి తానే పీల్చే జంతువు.

అక్రోటు చిప్పల పొడి ఊది గోకడానికి ఆరువందల డాలర్లు.
మళ్లీ పట్టకుండా, దారి మధ్యలో ఒక డబ్బా.
ఏ డబ్బా అన్నది నా ఇష్టం.

బల్ల మీద నాలుగు పెట్టింది.

మొదటిది నీలం, పెళ్లికొడుకులా మెరుస్తోంది.
మూత తిప్పితే లోపల గాలి.
అడ్డుపలక లేదు, జల్లెడ లేదు,
వచ్చిన ఆవిరి వచ్చినట్టే పోతుంది.
పైన పటారం, లోన లొటారం.
వేలితో కొట్టి చూశాను,
జి షార్ప్‌కి ఒక వెంట్రుక కింద. గంటగా బాగుంటుంది.

రెండోదానికి నెత్తిన చిన్న ఫిల్టరు.
ఆవిరిని ఇంజనుకి ఇవ్వదు, ఊరి మీదికి వదిలేస్తుంది.
"రేసుల వాళ్లకి" అని పక్కకు జరిపేసింది.

మూడోది కూజా అంత.
ఏడాదికోసారి వంపితే చాలని పెట్టె మీద రాసుంది.
అక్కడ ఒరీసియా ముఖం మారింది.
గోడ మేకుకు తగిలించిన రబ్బరు సీలు తీసి,
చీలినది, నా చేతిలో పెట్టింది.

బిగ్గార్ దారిలో పశువుల మందులు అమ్మే లోర్న్‌ది.
ఇక్కడి చలికి నూనెతో పాటు నీరూ దిగుతుంది,
రెండూ కలిసి మజ్జిగ రంగు ముద్ద.
వంపలేదు. గడ్డకట్టింది.
ఊపిరి పోయే దారి లేక ఇంజను
వెనక సీలు తన్నేసి, నూనె మొత్తం మంచు మీద కక్కింది.
కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఆ డబ్బా నేనే అమ్మాను" అంది.
"వంపమన్నాను. ఎప్పుడో చెప్పలేదు."

హీటరు కాసేపు టకటకలాడింది.

నాలుగోది బూడిదరంగు, గుప్పెడంత.
లోపల రెండు పలకలు, ఉక్కు పీచు,
మనం అంట్లు తోమే పీచుకు తోబుట్టువు.
కింద కుళాయి మర, పక్కన కొలపుల్ల,
నూనెకు ఉబ్బని గొట్టం.
"చలికాలం రెండు వారాలకోసారి వంగి తిప్పాలి.
మర్చిపోయే మనిషివైతే ఏదీ వద్దు,
కొన్నేళ్లకోసారి నా దగ్గరే గోకించుకో. అదీ తప్పు కాదు."

ధర అడిగాను. నీలందానికి మూడింతలు.
ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించమని
ఎన్ని చర్చిల్లో చెప్పి ఉంటాను!
అందరూ తలూపుతారు,
పెళ్లికి ముందురోజు రాత్రి ఫోన్ చేస్తారు.

నాలుగోదే బిగించమన్నాను.

ఇవాళ రోస్‌టౌన్ బడి ముందు
ఇంజను ఇంకా వెచ్చగా ఉండగానే బానెట్ ఎత్తి
చేతి తొడుగు పళ్లతో లాగి
మర తిప్పాను.
కాఫీ కప్పులోకి రెండు చెంచాలు,
విరిగిన టీ రంగు, పెట్రోలు కంపు.
ఇంతేనా అనిపించింది.
ఇంతా అనిపించింది.

తరగతి కిటికీలోంచి ఒక పిల్ల, అద్దానికి ముక్కు ఆనించి.
కప్పు పైకెత్తి చూపించాను.
ముఖం వికారంగా పెట్టి, పక్కపిల్లను పిలిచింది.

మంచులో పారబోయొద్దంది ఒరీసియా.
మూత బిగించి, సీటు కింద
శ్రుతి పనిముట్ల పక్కన ఆనించి పెట్టాను,
ఒలక్కుండా.